కణితిలో రక్తనాళాలు ఎక్కువగా ఉన్నాయంటే ఆయుష్షు తగ్గినట్టేనా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ నాన్నగారి కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో 2.6 సెంటీమీటర్ల అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ కణితి ఉన్నట్టు తేలింది, ఆ లోబ్‌ను శస్త్రచికిత్సతో తీసేశారు. తీసి పరీక్షించిన లింఫ్ గ్రంథులలో క్యాన్సర్ లేదని, ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా పొరను కణితి దాటలేదని, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయని పాథాలజీ రిపోర్టు చెబుతోంది. అదే రిపోర్టులో మరో రెండు వాక్యాలు మీకు నిద్ర లేకుండా చేస్తున్నాయి. సీడీ34 పరీక్షలో సూక్ష్మ రక్తనాళాల సాంద్రత ఎక్కువగా కనిపించిందన్నది ఒకటి, లింఫోవాస్కులర్ ఇన్వేజన్, అంటే కణితి కణాలు నాళాలలోకి ప్రవేశించడం, ఉందన్నది రెండోది. రక్తం ఎక్కువగా అందే కణితి త్వరగా పాకుతుందని తెలిసినవారెవరో చెప్పారని, రక్తనాళాలను అడ్డుకునే మందు ఇప్పుడే మొదలుపెట్టించాలా అని అడిగారు.

నేను ఊపిరితిత్తుల కణితుల స్లైడ్లు చదివే పాథాలజిస్టును. ఆంకాలజిస్టులు, సర్జన్లు, రేడియాలజిస్టులు కలిసి ఒక్కొక్క రోగి విషయం చర్చించే ట్యూమర్ బోర్డులో చాలాకాలంగా కూర్చుంటున్నాను. మీరు రాసిన రెండు వాక్యాల గురించి అక్కడ తరచుగా చర్చ జరుగుతూనే ఉంటుంది.

సూటిగా చెప్పాలంటే, కణితిలో ఎన్ని రక్తనాళాలు ఉన్నాయన్న లెక్కను బట్టి మీ నాన్నగారి భవిష్యత్తును అంచనా వేయనక్కరలేదు. కణితి కణాలు రక్తనాళంలోకి ప్రవేశించాయా లేదా అన్నది మాత్రం పట్టించుకోవలసిన విషయమే. ఈ రెండూ వేరువేరు సంగతులు. మొదటిది కణితి లోపల ఉన్న నాళాల గురించి చెబుతుంది, రెండోది నాళాల లోపల ఉన్న కణితి గురించి చెబుతుంది. ఇక మందు సంగతికి వస్తే, పూర్తిగా తొలగించగలిగిన తొలి దశ జబ్బులో రక్తనాళాలను అడ్డుకునే మందు వల్ల ప్రయోజనం ఉన్నట్టు పరీక్షలలో తేలలేదు. కనుక దాన్ని ఇప్పుడు అడగవలసిన అవసరం లేదు.

రక్తం ఎక్కువగా అందితే కణితి వేగంగా పెరుగుతుందన్న ఆలోచన ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. ఆక్సిజన్ ఒక కేశనాళిక నుంచి చుట్టుపక్కల కణజాలంలోకి సుమారు 100 నుంచి 200 మైక్రోమీటర్ల దూరమే చేరగలదు. అంతకు మించి దూరంగా ఉన్న కణాలు ఆకలితో చచ్చిపోతాయి. అందువల్ల కొత్త రక్తనాళాలను తెచ్చుకోలేని కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని అమెరికా వైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు, ఆ నాళాలను ఆపగలిగితే కణితిని ఆపవచ్చన్నారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాలు హెచ్ఐఎఫ్ అనే ప్రోటీన్ ద్వారా ఆ సంగతిని గుర్తిస్తాయి. దాని ప్రేరణతో వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్ విడుదలవుతుంది, అది సమీపంలోని రక్తనాళాలను కొత్త కొమ్మలు వేయిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ విధానాన్ని వెలికితీసిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. కాబట్టి మీకు ఆ మాట చెప్పినవారి తర్కానికి మూలం నిజమైనదే. ఆ తర్కాన్ని ఒక రోగి రిపోర్టులోని ఒక అంకెకు అన్వయించే చోటే చిక్కు వస్తుంది.

ఆ అంకె ఎలా పుడుతుందో వివరిస్తాను. రక్తనాళాల లోపలి పొరకు అతుక్కునే సీడీ31 లేదా సీడీ34 యాంటీబాడీతో స్లైడుకు రంగు వేస్తాము. తక్కువ పవర్‌లో స్లైడంతా తిరిగి నాళాలు అన్నిటికన్నా దట్టంగా కనిపించే చోటును ఎంచుకుంటాము, తరువాత పవర్ పెంచి అక్కడి నాళాలను లెక్కిస్తాము. రొమ్ము క్యాన్సర్‌లో ఈ లెక్క ఎక్కువగా ఉన్నవారికి జబ్బు ఎక్కువగా వ్యాపించిందని 1991లో వైడ్నర్ బృందం ప్రకటించాక ఈ పద్ధతి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ వచ్చింది. అయితే దట్టమైన చోటును ఎంచుకోవడం చూసేవారి కంటిమీద ఆధారపడి ఉంటుంది. ఒకే స్లైడును ఇద్దరం చూస్తే ఇద్దరం వేరు వేరు చోట్లను ఎంచుకోవచ్చు. వాడిన యాంటీబాడీ మారితే లెక్క మారుతుంది, ఎంతకు మించితే ఎక్కువ అనాలో అందరూ అంగీకరించిన హద్దు కూడా లేదు. మీ రిపోర్టులో 'ఎక్కువ' అని రాసిన పదానికి వెనుక ఏ హద్దు ఉందో ఆ పాథాలజిస్టును అడిగితే, ఆ ప్రయోగశాల తనకోసం పెట్టుకున్న కొలత అన్న సమాధానమే బహుశా వస్తుంది.

పరిశోధనల ఫలితాలు కూడా ఒక్కమాట మీద లేవు. ప్రచురితమైన అధ్యయనాలను 2002లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, శస్త్రచికిత్స అయిన రోగులలో నాళాల సాంద్రత ఎక్కువగా ఉన్నవారి ఆయుష్షు తక్కువగా ఉన్నట్టు కనిపించింది. అనుకున్న ఫలితం వచ్చిన అధ్యయనాలే ఎక్కువగా అచ్చవుతాయన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. అందుకని ఆ తరువాత, 3,000 మందికి పైగా రోగుల విడివిడి వివరాలను నేరుగా ఆయా కేంద్రాల నుంచి తెప్పించుకుని మళ్లీ విశ్లేషించారు. 2007లో వెలువడిన ఆ విశ్లేషణలో, ఇతర ప్రాంతాలకు పాకని, శస్త్రచికిత్స అయిన నాన్ స్మాల్ సెల్ (అడినోకార్సినోమా కూడా ఉండే వర్గం) ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో నాళాల లెక్కకు భవిష్యత్తును చెప్పే శక్తి లేదని తేలింది. నా దృష్టిలో ఈ రెండో విశ్లేషణకే బరువు ఎక్కువ. ఈ లెక్కను రిపోర్టులో రాయమని ఏ ప్రధాన మార్గదర్శకమూ కోరదు, నేనూ రాయను. పరిశోధన కోసం ఆ రంగు వేసి ఉంటే, దాని ఫలితాన్ని రోగి చేతికి వెళ్లే కాగితంలో పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

రొమ్ములో పనికొచ్చినట్టు కనిపించిన కొలత ఊపిరితిత్తిలో ఎందుకు తడబడుతుంది? ఊపిరితిత్తి పుట్టుకతోనే కేశనాళికలతో నిండిన అవయవం. పుపుస ధమని నుంచి ఒక రక్తప్రసారం, శ్వాసనాళాలకు వెళ్లే ధమనుల నుంచి మరొకటి దానికి ఉన్నాయి. ప్రతి గాలితిత్తి గోడలోనూ నాళాల వల అల్లుకునే ఉంటుంది. కనుక స్లైడు మీద కనిపించే నాళం కణితి కొత్తగా తెచ్చుకున్నదో, అంతకుముందు నుంచీ ఉన్నదో రంగును బట్టి చెప్పలేము. కొన్ని కణితులు అసలు కొత్త నాళాలను పుట్టించనే పుట్టించవు. గాలితిత్తుల ఖాళీలను నింపుకుంటూ, గోడలలో సిద్ధంగా ఉన్న నాళాల రక్తాన్నే వాడుకుంటూ పెరుగుతాయి. ఇలా కొత్త నాళాల ఆనవాలు లేకుండా పెరిగే ఊపిరితిత్తుల కణితులను పెజ్జెల్లా బృందం 1997లో వర్ణించింది. నా స్లైడ్లలో కూడా ఇటువంటివి కనిపిస్తూనే ఉంటాయి. అటువంటి ఒక కణితిలో గాలితిత్తుల గోడలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కొత్త నాళాలు దాదాపు లేవు, నాళాల లెక్క వేస్తే తక్కువే వచ్చేది. అయినా ఆ రోగికి జబ్బు తిరిగి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కార్సినాయిడ్. శ్వాసనాళంలో పెరిగే టిపికల్ కార్సినాయిడ్ కణితిలో రక్తనాళాలు ఎంత దట్టంగా ఉంటాయంటే, బ్రాంకోస్కోపీలో బయాప్సీ తీసేటప్పుడు రక్తస్రావం అవుతుందని డాక్టర్లు ముందే జాగ్రత్తపడతారు. అలాంటి ముక్కలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాళాల వల మధ్య చిన్న చిన్న గుంపులుగా కణాలు కనిపిస్తాయి. ఇంత రక్తం అందుతున్నా, పూర్తిగా తొలగించగలిగితే దాని భవిష్యత్తు ఊపిరితిత్తుల కణితులన్నిటిలోకీ మంచివాటిలో ఒకటి. నాళాల సంఖ్యే విధిని నిర్ణయించేదైతే ఈ రెండు కణితుల కథలు తారుమారు కావాలి.

నాళాలన్నీ ఒకే స్వభావం కలవి కావన్నది మరో విషయం. కణితి హడావుడిగా తెచ్చుకున్న నాళాలు వంకరటింకరగా ఉంటాయి, వాటిని బయటినుంచి పట్టి ఉంచే పెరిసైట్ కణాలు సరిగా అమరవు, గోడలు కారుతుంటాయి. చిల్లులు పడ్డ గొట్టంతో మడికి నీళ్లు పెడితే మొదట్లోనే బురద అయి చివరి మొక్కలు ఎండిపోయినట్టు, ఇక్కడ నాళం పక్కనే ద్రవం పోగై ఒత్తిడి పెరుగుతుంది, లోపలి కణాలకు రక్తం అందదు. అంటే నాళాలు దట్టంగా ఉన్న కణితి కూడా లోపల ఆక్సిజన్ లేక ఉక్కిరిబిక్కిరి అవుతూ ఉండవచ్చు. ఆక్సిజన్ తక్కువైన చోట రేడియేషన్ సరిగా పనిచేయదు, కీమోథెరపీ మందు లోపలికి చేరదు, రోగనిరోధక కణాలు ప్రవేశించలేవు. ఇటువంటి నాళాలు హాని చేసేవి. అదే కణితిలో లింఫోసైట్లను లోపలికి తీసుకువచ్చే ప్రత్యేక సిరలు కూడా ఉండవచ్చు. లింఫోసైట్లు గ్రంథిని పోలిన గుంపులుగా కూడిన చోట ఆ సిరలు కనిపిస్తాయి. తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇటువంటి గుంపులు బాగా ఉన్నవారు ఎక్కువ కాలం బతికారని 2008లో ఒక ఫ్రెంచ్ బృందం చూపింది. సీడీ34 ఈ రెండు రకాల నాళాలకూ ఒకే గోధుమ రంగు పులుముతుంది. లెక్కలో రెండూ ఒకటిగానే పడతాయి.

సీటీ స్కాన్ రిపోర్టులో కణితికి రక్తప్రసారం బాగా ఉందని రాశారని కూడా మీరు ప్రస్తావించారు. కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు ఒక గడ్డ ఎంత వెలుగుతుందన్నది అది క్యాన్సరా కాదా అని తేల్చుకోవడానికి కొంత ఉపకరిస్తుంది. దాదాపు వెలగని గడ్డ చాలావరకు ప్రమాదం లేనిదై ఉంటుంది. బాగా వెలిగినవాటిలో క్యాన్సర్లూ ఉంటాయి, ఇన్ఫెక్షన్ గడ్డలూ ఉంటాయి. మీ నాన్నగారి విషయంలో జబ్బు ఏమిటో శస్త్రచికిత్సతో ఖాయమైంది కనుక ఆ వాక్యం పని అయిపోయింది.

ఇప్పుడు రెండో వాక్యానికి వస్తాను, ఎందుకంటే మీరు డాక్టరుతో ఎక్కువసేపు మాట్లాడవలసింది దీని గురించే. లింఫోవాస్కులర్ ఇన్వేజన్ అంటే కణితి కణాలు చిన్న లింఫ్ నాళంలోనో రక్తనాళంలోనో ప్రవేశించినట్టు మైక్రోస్కోపు కింద కనిపించిందని అర్థం. శరీరంలో మరోచోటికి క్యాన్సర్ చేరిందని దీనికి అర్థం కాదు. నాళంలోకి దిగిన కణాలలో అత్యధికం రక్తప్రవాహపు తాకిడికి, రోగనిరోధక కణాల దాడికి నశిస్తాయి. మరో అవయవంలో దిగి, అక్కడ నిలదొక్కుకుని పెరగగలిగేవి చాలా తక్కువ. అయినప్పటికీ, గ్రంథులు శుభ్రంగా ఉన్న మొదటి దశ రోగులను పోల్చి చూసిన అనేక అధ్యయనాలలో, నాళ ప్రవేశం ఉన్నవారికి జబ్బు తిరిగి రావడం లేనివారికన్నా ఎక్కువగానే కనిపించింది. అందువల్ల దీన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పను.

దీని గురించి మూడు విషయాలు తెలుసుకోండి. మొదటిది, రక్తనాళంలోనా, లింఫ్ నాళంలోనా అన్నది అడగండి. చాలా రిపోర్టులు రెండింటినీ కలిపి ఒకే పెట్టెలో టిక్కు పెడతాయి. సిర గోడలోని సాగే నారలను చూపే ఎలాస్టిక్ రంగు వేస్తే రక్తనాళ ప్రవేశం స్పష్టపడుతుంది, డీ2-40 అనే యాంటీబాడీ లింఫ్ నాళాలను చూపుతుంది. రెండోది, ఇది ఎంత ఖచ్చితంగా కనిపించిందన్నది. కణజాలాన్ని ఫార్మలిన్‌లో ఉంచినప్పుడు అది కుంచించుకుపోయి కణాల గుంపు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ అచ్చం నాళంలాగే ఉంటుంది. రెండో అభిప్రాయం కోసం నాకు వచ్చిన స్లైడ్లలో, నాళ ప్రవేశం అని రాసినవి కొన్ని ఎలాస్టిక్ రంగు వేశాక ఉట్టి ఖాళీలని తేలాయి. లేదని రాసిన చోట సిర గోడ లోపల కణితి బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. అనుభవం ఉన్న పాథాలజిస్టుల మధ్య కూడా ఈ విషయంలో అభిప్రాయభేదం వస్తుంది కాబట్టి, చికిత్స నిర్ణయం దీనిమీదే ఆధారపడే పరిస్థితి వస్తే స్లైడ్లను మరొకరితో చదివించమని అడగడం తప్పు కాదు, ఏ డాక్టరూ దానికి నొచ్చుకోకూడదు.

మూడోది, దశ నిర్ణయంలో దీని స్థానం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే టీఎన్ఎం (కణితి, లింఫ్ గ్రంథులు, ఇతర అవయవాలకు వ్యాప్తి చూసే) పద్ధతిలో నాళ ప్రవేశం ఉన్నంతమాత్రాన దశ మారదు. ప్లూరా పొరను కణితి దాటితే మాత్రం మూడు సెంటీమీటర్లలోపు కణితి కూడా కణితి స్థాయిలో టీ1 నుంచి టీ2కి మారుతుంది. మీ నాన్నగారికి అది లేదు, గ్రంథులూ శుభ్రంగా ఉన్నాయి. అంటే మీరు రాసిన వివరాల ప్రకారం ఇది మొదటి దశలోని ఐఏ3 ఉపదశ. ఎనిమిదో టీఎన్ఎం సంచికకు ఆధారమైన అంతర్జాతీయ సమాచారంలో, శస్త్రచికిత్స తరువాత ఈ దశగా తేలినవారిలో సుమారు 80 శాతం మంది అయిదేళ్ల తరువాత జీవించి ఉన్నారు. అదే లెక్కలో రెండో దశలోని ఐఐబీలో 56 శాతం, మూడో దశలోని ఐఐఐఏలో 41 శాతం. దశల మధ్య తేడా ఎంత పెద్దదో చూడండి. సూక్ష్మ రక్తనాళాల లెక్క ఎంత మారినా ఇంత తేడా తీసుకురాదు. ఈ శాతాలను చదివేటప్పుడు రెండు సంగతులు మనసులో ఉంచుకోవాలి. అవి 1999 నుంచి 2010 వరకు జబ్బు బయటపడినవారివి, ఆ తరువాత చికిత్స చాలా మారింది. పైగా గుండెజబ్బు వంటి ఇతర కారణాలతో మరణించినవారు కూడా ఆ మిగిలిన 20 శాతంలో కలిసి ఉన్నారు.

ఇంత మంచి దశలో నాళ ప్రవేశం కనిపించినందుకు కీమోథెరపీ ఇవ్వాలా అని మీరు అడగలేదు గానీ, తరువాతి ప్రశ్న అదే అవుతుంది. శస్త్రచికిత్స తరువాత సిస్‌ప్లాటిన్‌తో కూడిన కీమోథెరపీ ఇస్తే అయిదేళ్ల జీవనంలో మొత్తం మీద 5.4 శాతం మేలు ఉందని అయిదు పెద్ద పరీక్షలను కలిపి 2008లో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. అయితే ఆ మేలు ప్రధానంగా రెండు, మూడు దశల వారిదే. ఐఏ దశ వారిలో మేలు కనిపించకపోగా హాని వైపు మొగ్గు ఉంది. ఐబీ, ఐఐఏ దశలలో కీమో ఇవ్వాలా వద్దా అని తూచేటప్పుడు నాళ ప్రవేశాన్ని ప్రమాద సూచనలలో ఒకటిగా లెక్కలోకి తీసుకుంటారు. ఐఏలో మాత్రం చాలామంది ఆంకాలజిస్టులు కీమో వద్దనే చెబుతారు, దగ్గరగా గమనిస్తూ ఉండమంటారు. సాధారణంగా మొదటి రెండు మూడేళ్లు ఆరు నెలలకొకసారి, తరువాత ఏడాదికొకసారి సీటీ స్కాన్ తీస్తారు. మా బోర్డు ముందుకు ఇటువంటి కేసు వచ్చినప్పుడు, నాళ ప్రవేశం ఉంటే ఆ ఆరు నెలల స్కాన్‌ను ఒక్కసారి కూడా తప్పించవద్దని రోగికి ప్రత్యేకంగా చెప్పమంటాము.

ఇక రక్తనాళాలను అడ్డుకునే మందుల విషయం. బెవాసిజుమాబ్ వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే యాంటీబాడీ. ఇతర ప్రాంతాలకు పాకిన జబ్బులో, స్క్వేమస్ రకం (చదునైన కణాల నుంచి పుట్టే మరో రకం) కాని క్యాన్సర్‌కు, కీమో మందులైన పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్‌లతో కలిపి దాన్ని ఇచ్చిన అమెరికా పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆ పరీక్షలో మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది రోగులు జీవించి దాటిన కాలం, 10.3 నెలల నుంచి 12.3 నెలలకు పెరిగింది. రెండు నెలల తేడా చిన్నదిగా కనిపించినా, ఆ కాలానికి అది నిజమైన ముందడుగు. ఆ తరువాత వీఈజీఎఫ్ గ్రాహకానికి అడ్డుపడే రాముసిరుమాబ్‌ను రెండో విడత చికిత్సలో డోసిటాక్సెల్‌తో కలిపి ఇచ్చినప్పుడు అది 9.1 నుంచి 10.5 నెలలకు పెరిగింది.

ముదిరిన జబ్బులో పనిచేసింది కాబట్టి తొలి దశలో ఇంకా బాగా పనిచేస్తుందని ఆశించడం సహజం. సరిగ్గా ఆ ఆశతోనే శస్త్రచికిత్స అయిన సుమారు 1,500 మంది రోగులలో కీమోథెరపీకి బెవాసిజుమాబ్ కలిపి చూశారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించింది. జీవితకాలం పెరగలేదు, రక్తపోటు వంటి దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. మీ ప్రశ్నకు ఇదే నేరు సమాధానం: తొలగించిన కణితిలోని రక్తనాళాలు కణితితోపాటే పోయాయి. ఇప్పుడు అడ్డుకోవడానికి అక్కడ ఏ నాళమూ లేదు. ఎక్కడైనా కణాలు మిగిలి ఉన్నా, కొద్దిపాటి గుంపులుగా ఉన్నంతకాలం అవి కొత్త నాళాల అవసరం లేకుండానే బతకగలవు.

పైగా ఈ మందు ప్రమాదం లేనిది కాదు. తొలి పరీక్షలలోనే స్క్వేమస్ రకం ఉన్న రోగులలో ఊపిరితిత్తిలో తీవ్రమైన, కొందరిలో ప్రాణాంతకమైన రక్తస్రావం జరిగింది, అందువల్లనే ఆ రకాన్ని తరువాతి పరీక్షల నుంచి మినహాయించారు. కణితి మధ్యలో గుల్ల పడి, పక్కనే పెద్ద రక్తనాళం ఉన్న రోగి స్కాన్ మా బోర్డు ముందుకు వచ్చినప్పుడు, క్యాన్సర్ ఏ రకమైనా సరే ఈ మందు వద్దని రేడియాలజిస్టే మొదట చెబుతారు. దగ్గుతో ఎర్రని రక్తం అర చెంచా మేరకు పడుతున్నవారికి దీన్ని ఇవ్వకూడదు. గాయం మానడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది కనుక పెద్ద శస్త్రచికిత్స తరువాత కనీసం 28 రోజులు, గాయం పూర్తిగా మానేవరకు, దూరంగా ఉంచుతారు. మూత్రంలో ప్రోటీన్ పోవడం, రక్తం గడ్డకట్టడం కూడా చూస్తూ ఉండాలి.

ఇక్కడ మీ మొదటి వాక్యానికి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. నాళాల సాంద్రత ఎక్కువగా ఉన్న కణితికే ఈ మందులు బాగా పనిచేస్తాయని తేలి ఉంటే, ఆ లెక్కకు కనీసం మందు ఎంచుకోవడంలో విలువ ఉండేది. అలా తేలలేదు. ఏ రోగికి ఈ మందు పనిచేస్తుందో ముందుగా చెప్పే పరీక్ష, నాళాల లెక్క గానీ రక్తంలో వీఈజీఎఫ్ కొలత గానీ, ఇప్పటికీ ఏదీ రోజువారీ వైద్యంలో నిలబడలేదు. మందు ఎంపిక అంతా క్యాన్సర్ రకం, జన్యుమార్పులు, రక్తస్రావ ప్రమాదం, రోగి శక్తి వీటిమీదే జరుగుతుంది.

రక్తనాళాల మీద పరిశోధన ఆగిపోయిందని దీని అర్థం కాదు, ఇప్పుడు అది నాకు ఎంతో ఆశ కలిగిస్తున్న దారిలో నడుస్తోంది. నాళాలను పూర్తిగా నాశనం చేయడం కన్నా, వాటి వంకరలు సరిచేసి మందులు, రోగనిరోధక కణాలు లోపలికి వెళ్లేలా చేయడమే వీఈజీఎఫ్ మందుల అసలు ప్రయోజనం కావచ్చని రాకేశ్ జైన్ 2001లో ప్రతిపాదించారు. వీఈజీఎఫ్ రోగనిరోధక కణాలను కూడా నేరుగా అణచివేస్తుంది. అందువల్ల ఈ మందులను, రోగనిరోధక కణాలను మేల్కొలిపే ఇమ్యునోథెరపీతో జతచేయడం మొదలైంది. 2018లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఇమ్యునోథెరపీ మందు అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్, కీమోథెరపీ కలిపి ఇచ్చినవారి మధ్యస్థ జీవితకాలం 19.2 నెలలు, అటెజోలిజుమాబ్ లేనివారిది 14.7 నెలలు. రోగనిరోధక కణాలకు కళ్లెం వేసే పీడీ-1 ప్రోటీన్‌నూ వీఈజీఎఫ్‌నూ ఒకే అణువుతో అడ్డుకునే ఐవొనెసిమాబ్ చైనాలో జరిగిన పరీక్షలో, పీడీ-1కు జతపడే పీడీ-ఎల్1 ప్రోటీన్ ఉన్న ముదిరిన క్యాన్సర్‌లో, జబ్బు మళ్లీ పెరగకుండా ఉన్న కాలాన్ని, పీడీ-1ను మాత్రమే అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్‌తో పోలిస్తే సుమారు రెట్టింపు చేసినట్టు 2024లో ప్రకటించారు. ఇవన్నీ ముదిరిన జబ్బుకు సంబంధించినవని మరోసారి గుర్తుచేస్తున్నాను.

ఆహారంతో, మందుల షాపులో దొరికే గుళికలతో కణితి రక్తనాళాలను ఎండగట్టవచ్చన్న ప్రచారం మీకు ఎదురయ్యే ఉంటుంది. దాన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టవద్దు. సొరచేప మృదులాస్థిలో నాళాలను ఆపే గుణం ఉందని చాలాకాలం చెప్పుకున్నారు. దాని సారంతో తయారుచేసిన మందును మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్‌లతో కలిపి నియమబద్ధంగా పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. మందు పుచ్చుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 14.4 నెలలు, ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవారిది 15.6 నెలలు. గాజుపళ్లెంలోని కణాలలో నాళాలను ఆపే పదార్థాలు ఎన్నో ఉన్నాయి, మనిషి శరీరంలో ఆ పని చేసి ఆయుష్షు పెంచేవి బహుకొద్ది.

మీ తదుపరి అపాయింట్‌మెంట్‌లో నాళాల సాంద్రత గురించి సమయం వెచ్చించకండి. నాళ ప్రవేశం ఏ నాళంలో కనిపించిందని, ప్రత్యేక రంగులతో నిర్ధారించారా అని అడగండి. కణాలు గాలితిత్తుల ఖాళీలలోకి విడివిడిగా పాకిన ఆనవాలు, అంటే రిపోర్టులలో ఎస్‌టీఏఎస్ అని రాసేది, ఉందో లేదో అడగండి. తొలి దశలో అది కూడా జబ్బు తిరిగి వచ్చే అవకాశాన్ని సూచించేదే. అడినోకార్సినోమాలో ఏ నమూనా ఎక్కువగా ఉందో అడగండి, గాలితిత్తుల గోడల వెంట పాకే లెపిడిక్ నమూనా మంచిది, మైక్రోపాపిల్లరీ, సాలిడ్ నమూనాలు అంత మంచివి కావు. ఎన్ని లింఫ్ గ్రంథులు, ఏయే చోట్ల నుంచి తీసి పరీక్షించారో కూడా తెలుసుకోండి, ఎందుకంటే గ్రంథులు శుభ్రంగా ఉన్నాయన్న మాటకు విలువ తగినన్ని గ్రంథులు చూసినప్పుడే వస్తుంది. జన్యుమార్పులను చూసే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు చేశారా అని అడగండి. ఐఏ దశలో వాటివల్ల ఇప్పటికిప్పుడు చికిత్స మారకపోయినా, కణజాలం చేతిలో ఉన్నప్పుడే ఫలితం దాచుకోవడం ఎప్పటికైనా పనికివస్తుంది.

స్లైడ్లు, పారాఫిన్ దిమ్మెలు ఆసుపత్రిలో ఎంతకాలం భద్రపరుస్తారో కనుక్కుని, రిపోర్టు పూర్తి ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. నేను మీ నాన్నగారి స్లైడ్లను చూడలేదు, వారిని పరీక్షించలేదు. కాబట్టి పైన చెప్పినది మీరు రాసిన వివరాల మీద ఆధారపడినది మాత్రమే, తుది మాట వారిని చూస్తున్న డాక్టర్లదే. రిపోర్టులో ఎలాస్టిక్ రంగు ఫలితం, ఎస్‌టీఏఎస్, గ్రంథుల సంఖ్య తెలిశాక, పేరూ ఆసుపత్రి వివరాలూ తీసేసి, ఆ వాక్యాలను మాత్రం ఇక్కడ రాయండి. వాటి అర్థమేమిటో వివరిస్తాను.